కడబంతి మనిషి

బసవపున్నయ్యకు వంట రాదు. పప్పులో ఉప్పెంత వేయాలని అడిగితే తెల్లమొహం వేస్తాడు. అయినా బెజవాడ చుట్టుపక్కల "బసవపున్నయ్య చేతి భోజనం" అని తలచుకునేవాళ్ళు కొల్లలు. అతను వండేవాడు కాదు, వడ్డించేవాడు. సంజీవరావు గారి కేటరింగులో వడ్డన మేస్త్రి.

వడ్డించడమంటే గరిటెతో తీసి ఆకులో వేయడమే కదా అనుకునేవాళ్ళు కృష్ణా డెల్టాలో ఎన్నడూ పెళ్ళిభోజనం చేసి ఉండరు. ఇక్కడ ఆకులో పడిన బూరెకు విలువ లేదు. వద్దన్నాక పడిన బూరెకే విలువ. అతిథి వద్దనాలి. వడ్డించేవాడు వినిపించుకోకూడదు. అతిథి ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి జారాలి, "అయ్యో, అయ్యో" అనాలి, తినాలి, ఇంటికెళ్ళి "చంపేశారండీ బాబూ, తినమని తినమని" అంటూ పదిమందికి ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదు రాకపోతే మూడు ముళ్ళు పడినా పెళ్ళి జరగనట్టే లెక్క. ఈ తతంగంలో వినిపించుకోకపోవడం అన్న భాగం బసవపున్నయ్యది. "మీరు తినకపోతే మావాళ్ళకి మాటొస్తుందండీ" అని చెవి దగ్గర వంగి అనేవాడు. ఆ మావాళ్ళెవరో అతనికి చాలాసార్లు పేరు కూడా తెలిసేది కాదు. ఉయ్యూరులో ఒకసారి, నిజంగానే వద్దన్న ఒక షుగరు పెద్దాయనకు బందరు లడ్లు వేసేసి, సాయంత్రం ఆయన్ని ఆసుపత్రికి మోసిన వాళ్ళలో తనే ముందున్నాడు. ఆయన స్ట్రెచరు మీద కూడా బసవపున్నయ్యను చూసి "ఇంక వద్దు నాయనా" అంటూనే ఉన్నాడు.

ఈ వృత్తికి ఒక వరస ఉంది. మొదట పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, వియ్యాలవారూ కూర్చుంటారు. తర్వాత చుట్టాల బంతి, ఆ తర్వాత ఊరివాళ్ళ బంతి. ఆనక బాజాలవాళ్ళు, డ్రైవర్లు, ఫొటోలూ వీడియోలూ తీసేవాళ్ళు. వాళ్ళూ లేచి చేతులు కడిగాక, వడ్డించినవాళ్ళు కూర్చుంటారు. అదే కడబంతి. కడబంతికి గుత్తివంకాయ కూరలో వంకాయ ఉండదు, పులిహోరలో జీడిపప్పు ఉండదు. సాంబారు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అందులో తిని తిని బసవపున్నయ్య కడుపు ఆ వరసకే అలవాటు పడిపోయింది. హాల్లో ఇనపకుర్చీలు మడిచే చప్పుడు వినబడితే గానీ అతనికి ఆకలి వేసేది కాదు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో అతని భార్య రామతులసి భోజనం వేళకు ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ ఎత్తి గోడకేసి కొట్టేది. అతను సిగ్గుపడుతూ వచ్చి పీట మీద కూర్చునేవాడు.

కరోనా మొదటి ఏడాది ముహూర్తాలన్నీ గాలికి పోయాయి. జనం మేడలెక్కి పళ్ళాలు మోగించిన సాయంత్రం, సింగ్‌నగర్‌లోని అద్దె ఇంట్లో బసవపున్నయ్య తలుపు గడియ పెట్టుకుని చెవులు మూసుకున్నాడు. ఖాళీ పళ్ళెం మోగిందంటే అతని వృత్తిలో అది వడ్డించేవాడికి తిట్టు. ఊరు ఊరంతా కలిసి ఒకేసారి తిట్టడం అతను అప్పుడే విన్నాడు.

సంజీవరావు గారి వంటవాళ్ళు కొందరు పొలం పనులకు పోయారు, కొందరు లారీల దగ్గర మూటలు మోశారు. బసవపున్నయ్య తోపుడుబండి మీద కూరగాయలు పెట్టాడు. మొదటి రోజే బేరం అదిరిపోయింది. కిలో వంకాయలు అడిగినావిడకు కిలో తూచి, "అంతేనా అమ్మా? పిల్లలున్న ఇల్లు. ఇంకో నాలుగు వేయించుకోండి" అని ఊరికే వేశాడు. ఆవిడ వద్దంది. వద్దన్నాక ఇక ఆగగలడా? "మీరలా అనకూడదండీ" అంటూ ఇంకో నాలుగు వేశాడు. కబురు పాకి వీధి వీధంతా సంచులు పట్టుకుని వద్దు వద్దంటూ బయటికొచ్చింది. ఎండ ఎక్కకముందే బండీ ఖాళీ, గల్లా పెట్టే ఖాళీ. వారం తిరక్కుండా బండి అద్దెకిచ్చినాయన దండం పెట్టి తన బండి తను తోసుకుపోయాడు. రామతులసి చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళింది ఆ వారమే.

"ఊరికే ఎందుకు వేశారండీ?" అని ఆమె అడిగితే, "వద్దంటే ఊరుకోమంటావా? మర్యాద కాదుగా" అన్నాడు. అతనికి నిజంగానే ప్రశ్న అర్థం కాలేదు.

కార్తీకంలో నాలుగు పెళ్ళిళ్ళు జరిగి ప్రాణం లేచొచ్చింది. ఎండాకాలానికి రోగం రెండో విడత వచ్చి మళ్ళీ పడుకోబెట్టింది. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. పెళ్ళికి ఇరవై మందికి మించకూడదు. ఇరవై మందికి వడ్డన మేస్త్రి దేనికి? పెళ్ళికూతురి మేనమామ గరిటె పట్టుకుంటే సరిపోతుంది.

అప్పటికి దేశంలో ఆక్సిజన్‌కు కొరత ఉంది గానీ మంచిమాటలకు లేదు. సంక్షోభాన్ని అవకాశంగా మలచుకోమని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. బసవపున్నయ్య కూతురు మనోజ్ఞ బీకాం చదువుతోంది. ఆ కాలేజీవాళ్ళు మనోబలం మీద ఆన్‌లైను సభ పెట్టి, రానివాళ్ళకు హాజరు వేసేది లేదని బెదిరించారు. అందులో ఒక పెద్దమనిషి ఏసీ గదిలో కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నాడు. బసవపున్నయ్యకు శ్వాస బాగానే ఆడుతోంది. గడవనిది రోజు.

అతని జబ్బు ఎంత మర్యాదగా మొదలైందంటే, అది జబ్బని ఇంట్లోవాళ్ళకు చాలా రోజులు తెలియలేదు. పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, నడుముకు ఎర్ర తువ్వాలు బిగించేవాడు. రేషన్ బియ్యపు అన్నం, చింతపండు చారు. కూతురు కంచం ముందు కూర్చోగానే వెనక నిలబడేవాడు.

"అమ్మాయ్, ఇంకో గరిటె చారు."

"చాలు నాన్నా."

"అలా అనకూడదు. మావాళ్ళకి మాటొస్తుంది."

"నీవాళ్ళం మేమేగా నాన్నా!" అని మనోజ్ఞ నవ్వింది. ఈలోగా గిన్నెలో చారు అయిపోయింది. అతను ఖాళీ గరిటెను గిన్నెలో ముంచి, ఒలక్కుండా తెచ్చి, కూతురి కంచంలో వంచాడు. అప్పుడు మనోజ్ఞ నవ్వలేదు.

"మీరూ కూర్చోండి, తిందురుగాని" అంది రామతులసి.

"నేను కడబంతిలో తింటాలే."

"ఉన్నది ముగ్గురం. మనింట్లో బంతులెక్కడివండీ?"

"ఇంకా లేవలేదు తులసీ."

"ఎవరు?"

అతను వీధివైపు చూశాడు. వీధిలో ఎవరూ లేరు.

అక్కడే చిక్కుపడ్డాడు. పెళ్ళి మొదలైతే గానీ ముగియదు. ముగిస్తే గానీ బంతి లేవదు. బంతి లేస్తే గానీ అతను కూర్చోడు. వడ్డన మధ్యలో టీ తాగొచ్చు, అటుగా వెళ్తూ ఒక బ్రెడ్డు ముక్క నోట్లో వేసుకోవచ్చు కాబట్టి ఆ రెండిటి మీదే ఉన్నాడు. రామతులసి కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టింది. ఈసారి కుర్చీ కాలు విరిగింది. "జాగ్రత్త, అద్దె కుర్చీలు. డబ్బులు కట్టించుకుంటారు" అన్నాడు. అది వాళ్ళ సొంత కుర్చీ. నిద్ర కూడా పోయింది. చొక్కా భుజాల మీంచి జారడం మొదలుపెట్టింది.

మనోజ్ఞే అతన్ని సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నీతులేమీ చెప్పలేదు, అదొక మేలు. మాస్కు వెనకనుంచి అంతా విన్నాడు.

"ఇది డిప్రెషనండీ. మీ తప్పు కాదు, సోమరితనమూ కాదు. పని పోయినవాళ్ళు రోజూ వస్తున్నారు నా దగ్గరికి. మందులున్నాయి" అని బిళ్ళలు రాసిచ్చాడు. ప్రతి బిళ్ళ పక్కనా 'భోజనం తర్వాత' అని ఉంది.

బసవపున్నయ్య ఆ మాటను అక్షరాలా పాటించాడు. భోజనం చేయలేదు, బిళ్ళా వేసుకోలేదు.

"ఖాళీ కడుపుతో వద్దన్నారుగా తులసీ. అంత చదువుకున్నాయన మాట కాదంటామా?"

రామతులసి డాక్టరుకు ఫోన్ చేసింది. "ముందు కాస్త ఏదైనా తినిపించి వెయ్యండమ్మా" అన్నాడాయన.

"తినడానికేగా డాక్టరు గారూ, ఆ బిళ్ళలు!"



ఆ మే నెలలోనే సంజీవరావు ఫోన్ చేశాడు. కంకిపాడులో ఎరువుల కొట్టున్న కనకలక్ష్మి గారి కూతురు సాయిశ్రీ పెళ్ళి, బెజవాడ ఫంక్షన్ హాల్లో. హాల్లో ఇరవై మంది. మిగతా చుట్టాలందరికీ, పటమట నుంచి హనుమాన్ జంక్షన్ దాకా, పన్నెండులోపు ఇళ్ళకే భోజనం పార్సిళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. కనకలక్ష్మి గారికి మాత్రం బాగాలేదు.

"పార్సిలు హోటలువాడూ పంపిస్తాడు సంజీవరావు గారూ, దానికి మీరెందుకు? ఇంకొంచెం వేసుకోండి అని అడిగే దిక్కుండొద్దా? రేపు మా వియ్యపురాలు ఊరుకుంటుందా? గుమ్మంలో పడేసి పోయారంటుంది. ఆ మాట నేను పడలేను. అడిగే మనిషిని పెట్టండి."

"అరవై ఇళ్ళకి మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చేదమ్మా? పైగా ఈ రోగంలో!"

"ఫోనుందిగా!"

అలా బసవపున్నయ్యకు పని దొరికింది. అది విని రామతులసి, నవ్వాలో ఏడవాలో తెలియక, తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది.

పెళ్ళి పైఅంతస్తులో. కింద భోజనాల హాలు ఖాళీగా ఉంది, బల్లలున్నాయి, మనుషుల్లేరు. సంజీవరావు నంబర్లు కలిపి ఇస్తుంటే బసవపున్నయ్య మాట్లాడాలి. కూర్చుని మాట్లాడమంటే అతనికి మాట రాలేదు. లేచి బల్లల మధ్య నడుస్తూ, ఒక్కో ఖాళీ కుర్చీ దగ్గరా వంగుతూ మాట్లాడితే వచ్చింది.

"సీతారావమ్మ గారేనా అమ్మా? ఆడపెళ్ళివారి తరఫున వడ్డనకొచ్చానండీ. పులిహోర విప్పారా?"

"విప్పానయ్యా. ఫోన్లో వడ్డనేంటి, చోద్యం!"

"ఇంకో బూరె వేయించుకోండి."

"ఇచ్చిందే రెండు. ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను?"

"రెండోది ఉందిగా అమ్మా. అదే ఇంకోటి."

"ఓరి నీ దుంపతెగ! వద్దయ్యా, నాకు అరగదు."

"మీరలా అంటే మావాళ్ళకి మాటొస్తుందండీ."

సీతారావమ్మ గారు ఆ బూరె తింది. తిని, వెంటనే కనకలక్ష్మికి ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది. పటమటలో ఒక రిటైరైన బ్యాంకాయన, ఒంటరిగా గదిలో ఉన్నాడట, ముందు విసుక్కున్నాడు. తర్వాత "నన్ను తినమని ఎవరైనా అడిగి నెల దాటింది" అన్నాడు. ఆ తర్వాత లైను పెట్టేయనివ్వలేదు; పెరుగన్నం దాకా అడిగించుకున్నాడు. గంట గడిచేసరికి పైఅంతస్తుకు "చంపేస్తున్నారండీ బాబూ, ఫోన్లో కూడా" అన్న ఫిర్యాదులు వరసగా అందాయి. కనకలక్ష్మి మొహం వెలిగిపోయింది. పెళ్ళి జరుగుతోందన్న నమ్మకం ఆవిడకు అప్పుడు కలిగింది.

"చివరిది మన పాల్‌ది" అన్నాడు సంజీవరావు. పాల్‌కు హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో ఉంది. సగం జిల్లా పెళ్ళిళ్ళ వీడియోలు అతనివే. ఇరవై మందిలో వీడియోవాడికి చోటు లేక ఈ పెళ్ళికి పిలవలేదు. పాత పరిచయం కొద్దీ పార్సిలు మాత్రం పంపారు.

"పాల్, నేను బాబాయ్‌ని. పులిహోర ఎట్లా ఉంది?"

"విప్పలేదు బాబాయ్."

"విప్పు, చల్లారిపోద్ది."

"చల్లారే వచ్చింది. అది సరేగానీ, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తిన్నారా?"

"నీకెందుకు?"

"అదేంటి బాబాయ్, నీకు తెలీదా? వాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు బూరె తినిపించే షాటు పడందే నేనెప్పుడన్నా తిన్నానా? ఆ షాటు పడిందో లేదో నాకెవరూ చెప్పలేదు. ఎట్లా తినను?"

స్పీకరులో వింటున్న సంజీవరావు చెవిదగ్గర వేలు తిప్పి, వీడికేదో తేడా చేసిందన్నట్టు సైగ చేశాడు. బసవపున్నయ్యకు ఆ సైగ అర్థం కాలేదు. ఇన్ని రోజుల్లో ఒక మనిషి తిన్నగా మాట్లాడటం అతను వినడం ఇదే మొదలు.

"స్టూడియోలోనే ఉంటున్నావా పాల్?"

"షట్టరు దించుకుని లోపలే. కెమెరా వాయిదాలవాళ్ళు షట్టరు కొడతారు, నేను పలకను. డయానా పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్ళింది. పాత పెళ్ళిళ్ళు వేసుకు చూస్తున్నా బాబాయ్. అందులో అందరూ తింటూనే ఉన్నారు. పగలూ రాత్రీ తింటున్నారు. నేనొక్కణ్ణే కనబడను. ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళలో ఎక్కడా లేను. చూడగా చూడగా అసలున్నానా అనిపిస్తుంది. ఇప్పుడు తిని ఏం చెయ్యాలి చెప్పు?"

బసవపున్నయ్య నడక ఆగిపోయింది. ఆ చివరి మాట అతను ఎవరితోనూ అనలేదు. కానీ నెల రోజులుగా అది అతని నాలుక కిందే ఉంది. ఇంకొకరి నోట వింటే అదెంత చలి పుట్టిస్తుందో తెలిసింది.

"నువ్వు తిని లేస్తే గానీ నేను కూర్చోను పాల్" అన్నాడు. బలవంతం చేయడానికి కాదు, ఉన్నమాట చెప్పాడు.

"నువ్వు తినలేదా? ఎప్పట్నుంచి?"

"బంతి లేవందే ఎట్లా తింటాను?"

"పస్తుండి నన్ను తినమంటున్నావా? ముందు నువ్వు తిను."

"వరస తప్పుద్ది. ముందు నువ్వు."

"పెద్దోడివి బాబాయ్, ముందు నువ్వే."

"పెద్దా చిన్నా ఏముంది ఇందులో? ముందు మీ బంతి, తర్వాత మా బంతి."

"ఎవడో ఒకడు తిని చావండ్రా!" అని సంజీవరావు అరిచాడు. అని, తన నోటి నుంచి వచ్చిన మాటకు తనే బెదిరి నోరు మూసుకున్నాడు.

బసవపున్నయ్య ఫోన్ పట్టుకుని మెట్లెక్కాడు. పైన కొత్త జంట పక్కపక్కన లేరు. పెళ్ళికొడుకు జయంత్‌కు తాళి కట్టిన కాసేపటికే ఒళ్ళు కాలింది. అక్కడికక్కడే పరీక్ష చేయిస్తే కరోనా. అతన్ని ఒక గదిలో, పెళ్ళికూతుర్ని ఎదురు గదిలో పెట్టి, కనకలక్ష్మి గారు వరండాలో కాపలా ఉంది. రెండాకులూ ముట్టకుండా ఉన్నాయి.

"అమ్మా, వాళ్ళిద్దరూ తినాలండీ. తినిపించుకోవాలి."

"పధ్నాలుగు రోజులయ్యాక చూద్దాంలేవయ్యా ఆ ముచ్చట."

"అన్ని రోజులు పాల్ ఆగలేడమ్మా."

"పాల్ ఎవరు?"

"వీడియో పాల్. ఈ షాటు పడితే గానీ తినడు."

"వాడు ఈ పెళ్ళికి వీడియోనే తీయట్లేదుగా!"

"అందుకేనండీ తినట్లేదు."

కనకలక్ష్మి గారు నోరు తెరిచింది. ఇంకెవరైనా అయితే మేస్త్రికి మతి పోయిందని కిందికి పంపేవాళ్ళు. కానీ ఫోన్లో వడ్డన చేయించమన్న మనిషికి, ఫోన్లో పస్తులున్నవాడి గురించి ఎదురు చెప్పే వీలెక్కడుంది? పైగా తన ఇంటి పెళ్ళిలో ఒకడు పస్తున్నాడంటే, ఆ మాట వియ్యపురాలి చెవిన పడిందంటే! "కానివ్వండి. తొందరగా కానివ్వండి" అంది.

గుమ్మం బయట ఆకు పెట్టి బసవపున్నయ్య దూరం జరిగాడు. జయంత్ తలుపు తీసి ఆకు లోపలికి లాక్కున్నాడు. ఎదురు గదిలో సాయిశ్రీ కూర్చుంది. ఇద్దరి ఫోన్లూ, బసవపున్నయ్య చేతిలోని ఫోనూ, జంక్షన్‌లో పాల్ ఫోనూ ఒకే వీడియో కాల్‌లో కలిశాయి.

"నాకు రుచీ వాసనా తెలీట్లేదండీ" అన్నాడు జయంత్ నీరసంగా.

"తెలీకపోవడమే మంచిది బాబూ. వంకాయలో ఇవాళ ఉప్పు పోసేశారు. తినండి, ఇంకోటి వేసుకోండి."

జయంత్ బూరె తీసి ఫోను దగ్గరికి చాచాడు. ఎదురు గదిలో సాయిశ్రీ తన ఫోను ముందు నోరు తెరిచి, తన బూరె తనే కొరికింది. తర్వాత ఆమె చాచింది, అతను కొరికాడు. కనకలక్ష్మి గారు కళ్ళొత్తుకుంది.

"సారీ సార్, మళ్ళీ చెయ్యాలి. బూరె ఫ్రేములోకి రాలేదు" అంది పాల్ గొంతు.

మళ్ళీ చేశారు.

"మేడమ్, నవ్వాలి. సార్, మాస్కుతో తింటారా ఎవరన్నా? మీ గదిలో మీరొక్కరేగా, తీసెయ్యండి. కొంచెం కుడిపక్కకి. గడ్డం దించండి. మేడమ్ వెనక గుమ్మంలో ఎవరది? బాబాయ్, నువ్వే అడ్డం, పక్కకి రా!"

అది పాత పాల్ గొంతు. పెళ్ళిమండపంలో పురోహితుణ్ణి కూడా ఆపి, తాళి మళ్ళీ పైకెత్తించి చూపించమనే గొంతు. అతను తృప్తిపడేలోపు పెళ్ళికొడుకు కడుపులోకి నాలుగు బూరెలు వెళ్ళాయి. జ్వరం మీదున్న మనిషికి అవి వద్దని చెప్పగలిగినవాళ్ళు ఆ ఫోన్లలో ఎవరూ లేరు.

"అయిపోయింది. బాగా వచ్చింది" అన్నాడు పాల్ చివరికి. "ఇంక నేను తింటున్నా బాబాయ్."

ఫోన్‌ను దేనికో ఆనించి పార్సిలు విప్పాడు. బసవపున్నయ్య కిందికొచ్చి, ఖాళీ బల్లల మధ్య నిలబడి, అతను తినడం చూశాడు. గడ్డం మాసిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. మొదటి ముద్ద మింగడానికి పాల్ చాలాసేపు తీసుకున్నాడు.

"కనబడుతున్నానా బాబాయ్?"

"కనబడుతున్నావు. చక్కగా కనబడుతున్నావు. పప్పు కలుపుకో. అది కాదు, ఇంకొంచెం."

"చాలు బాబాయ్."

"చాలనకు."

తిన్నాక పాల్ ఎంగిలి చెయ్యి కెమెరాకు చూపించి, కడుక్కొచ్చి మళ్ళీ చూపించాడు.

"సూర్యారావుపేటలో ఒక డాక్టరున్నాడు, నంబరు పంపిస్తా. ఫోన్లో కూడా చూస్తాడు. నీతులు చెప్పడు" అన్నాడు బసవపున్నయ్య. "డయానాకి ఇవాళే ఫోన్ చెయ్యి. రేపు నేనూ చేస్తా. ఎత్తకపోతే షట్టరు దగ్గరికొచ్చి వడ్డిస్తా."

పైఅంతస్తులో ఇనపకుర్చీలు మడుస్తున్నారు. ఆ చప్పుడు మెట్లమీంచి దొర్లుకుంటూ కిందికి వచ్చింది. దానితోపాటే ఆకలి వచ్చింది. మామూలుగా కాదు, నెల రోజుల ఆకలి, వడ్డీతో సహా. బసవపున్నయ్య బల్ల పట్టుకున్నాడు.

"ఏముందండీ మిగిలింది?" అన్నాడు.

సంజీవరావు తల గోక్కున్నాడు. "ఇరవై ఆకులు, పార్సిళ్ళు. లెక్క ప్రకారం వండించా పున్నయ్యా. ఈ రోజుల్లో మిగిలేట్టు ఎవడు వండిస్తాడు చెప్పు? పెళ్ళికొడుకు బూరెలు మళ్ళీ మళ్ళీ అడిగితే నాదే తీసిచ్చా."

"సాంబారు?"

"అదీ ప్యాకెట్లే."

సంజీవరావు అతని కూలి చేతిలో పెట్టి, మొహం చూడలేక పైన ఇంకో నోటు పెట్టాడు. కర్ఫ్యూ పడింది. హోటళ్ళు మూశారు. బసవపున్నయ్య ఎండలో సింగ్‌నగర్ వైపు నడిచాడు. బుడమేరు వంతెన దగ్గర కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"భోజనానికి సార్."

కానిస్టేబులు ఆ తెల్లచొక్కాలో ఊగుతున్న మనిషిని కిందనుంచి పైదాకా చూశాడు. లాఠీ తీసేశాడు.

ఇంట్లో గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. మనోజ్ఞ లోపల ఆన్‌లైను క్లాసులో ఉంది. రామతులసి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

"తులసీ, అన్నం పెట్టు."

ఆమె చేతిలో కాడ ఆగిపోయింది. "బంతి లేచిందా?"

"లేచింది" అని పీట వాల్చుకోబోయి, సగంలో ఆగాడు. పెళ్ళయిన నాటి నుంచి రామతులసి అతను తిన్నాకే తింటుంది. అంటే కడబంతి తనది కాదు. తన తర్వాత ఇంకో మనిషి ఉంది. తను కూర్చోకుండా ఆ మనిషిని ఇన్నాళ్ళు నిలబెట్టాడు. 

"నువ్వు... నేను తినకుండా నువ్వు ఇన్నాళ్ళూ..."

"తిన్నానండీ."

"ఎప్పుడు?"

"ఇవాళా? ఇందాకే. రోజూ రెండు పూటలా తింటున్నా. మీరు తినేదాకా ఆగితే ఈపాటికి పిల్ల మనిద్దరి ఫొటోలకీ దండలు వేసుకుంటూ ఉండేది."

"నాకంటే ముందా!"

"ముందే."

బసవపున్నయ్య అలాగే నిలబడ్డాడు. ఏదో జరుగుతుందని చూశాడు. పక్కింటి కూలరు గరగరమంటోంది. లోపల మనోజ్ఞ ఫోన్లో ఎవరో తరుగుదల లెక్కలు చెబుతున్నారు. ఏమీ జరగలేదు.

రామతులసి లేచి గుప్పెడు గుప్పెడుగా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికేదాకా అతను పీట మీద కూర్చుని గోడ చూశాడు. వేడన్నం, చారు కంచంలో వేసి, ఆమె మళ్ళీ గోంగూర దగ్గరికి వెళ్ళిపోయింది. మొదట నోరు కాలింది. తర్వాత అతనికి ఏమీ తెలియలేదు. చూసేసరికి కంచం ఖాళీ.

వెనక ఎవరైనా వస్తారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. దగ్గాడు. రామతులసి తల ఎత్తలేదు.

"అడగవా?" అన్నాడు.

"ఏమని?"

"ఇంకొంచెం వేసుకోమని."

"నాకు వడ్డన రాదండీ. కావాలంటే మీరే అడగండి. నోరుందిగా."

కొన్ని వేలమంది చేత వద్దనిపించినవాడు. తనకు కావాలని అనాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. కడబంతిలో మిగిలింది ఎవరూ అడక్కుండానే వేసుకునేవాళ్ళు. కంచం అంచు మీద వేలితో గీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొంచెం పెట్టు" అన్నాడు, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"అన్నమా, చారా?"

"రెండూ."